నాలుగు వేల మీటర్ల గది

ఆ గది తలుపు వెయ్యడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. బయట మీటర్ల ముందు కూర్చునే ఆయన లేచొచ్చి ఇనప చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పుతాడు. లోపలినుంచి నర్సక్క పిడి పట్టుకుని లాగుతుంది. చక్రం కిర్రుమని బిగిశాక పంపు మొదలవుతుంది. వైద్య కళాశాల కింది అంతస్తులో, మందుల గోదాముకీ లాండ్రీకీ మధ్య, పెద్ద నూనె పీపాని అడ్డంగా పడుకోబెట్టినట్టుండే గది అది. పంపు లోపలి గాలిని కొంచెం కొంచెంగా లాగేస్తుంటే, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కొండెక్కేస్తాడు. అరగంటలో నాలుగు వేల మీటర్లు. ఆ ఎత్తున గాలి ఎంత పల్చగా ఉంటుందో ఈ గదిలోనూ అంత పల్చగా ఉంటుంది. ఇక అప్పుడు తలుపుకి గొళ్ళెం కూడా అక్కర్లేదు. బయటి గాలే దాన్ని అదిమి పట్టుకుంటుంది. పదిమంది వస్తాదులొచ్చి లాగినా రాదు.

"ఎక్కుతున్నాం పిచ్చుకమ్మా. చెవులు మూసుకుపోతే గుటక మింగు," అన్నాడు మీటర్లాయన. గోడలో ఉన్న స్పీకరులోంచి ఆయన గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టే వినిపిస్తుంది.

పిచ్చుక ఆమె అసలు పేరు కాదు. పార్సిళ్ళ డిపోలో పెట్టారు. పిడికెడంత మనిషి, తనకన్నా బరువైన పెట్టెలు సైకిలు వెనక కట్టుకుని ఎత్తు రోడ్డు మీద దిగకుండా తొక్కుతుంది. డిపోలో మగవాళ్ళు ఆ ఎత్తు దగ్గర దిగి నెట్టుకుంటూ పోతుంటే, ఈమె వాళ్ళ పక్కనుంచి గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయేది. "పక్కకి తప్పుకోండ్రా, పిచ్చుకొస్తోంది" అనేవాళ్ళు. అదే పేరైపోయింది. ఈ కళాశాలకి పార్సిలు తెచ్చినరోజే డాక్టరమ్మ ఆమెని చూసింది. చేతిలో పెట్టెతో నాలుగంతస్తులు ఎక్కొచ్చి, సంతకం పెట్టమని అడుగుతున్నప్పుడు ఆయాసం లేదు.

"నువ్వు ఊపిరి పీలుస్తున్నావా లేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లిఫ్టు పాడైందండీ," అంది పిచ్చుక, ఏదో తప్పు చేసినట్టు.

అలా మొదలైంది. షుగరు జబ్బుకి వాడే మందు ఒకటుంది. దాన్ని వేసుకునేవాళ్ళు ఎత్తైన చోట్ల పనికెళితే, గాలి పల్చగా ఉన్నచోట కాళ్ళు ఎక్కువసేపు ఆడతాయా, తొందరగా చతికిలబడతాయా అని డాక్టరమ్మ తేల్చాలనుకుంటోంది. ముందు జబ్బు లేనివాళ్ళు తొక్కాలి. పది రోజులు మాత్రలు వేసుకుని వచ్చి ఈ గదిలో సైకిలు తొక్కడం ఒక విడత. మధ్యలో రెండు వారాలు ఖాళీ. మళ్ళీ పది రోజులు మాత్రలు, మళ్ళీ తొక్కుడు. అది రెండో విడత.

పద్నాలుగు పేజీల కాగితం ముందు పెట్టుకుని డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది ఆరోజు. కానీ బుజ్జిది ఒళ్ళో ఉంది. ఏడాదిన్నర పిల్ల, డాక్టరమ్మ పెన్ను మూత అందుకుని నోట్లో పెట్టుకుంది. పిచ్చుక కళ్ళన్నీ ఆ మూత మీదే, ఎక్కడ గొంతుకి అడ్డం పడుతుందోనని. డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పినప్పుడల్లా తల ఊపింది. మూత బయటికి లాగేసరికి పద్నాలుగో పేజీ వచ్చింది. సంతకం పెట్టేసింది.

"పాపకి పాలు మాన్పించావు కదూ? పాలిచ్చేవాళ్ళని తీసుకోం మేము."

"ఆ, మాన్పించేశానండీ."

సగం నిజమే అది. పగలు మాన్పించింది. పడుకునేటప్పుడు మాత్రం పిల్ల వినదు. మెడ దగ్గర వెతుక్కుంటూ వచ్చేస్తుంది.

మొదటి విడతలో పిచ్చుక ఇరవయ్యారు నిమిషాలు తొక్కింది. ఆడవాళ్ళలో అంతసేపు తొక్కినవాళ్ళు లేరట. డాక్టరమ్మ కాగితం మీద ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి చూపించింది. ఏడో తరగతిలో తమ్ముళ్ళని చూసుకోడానికి బడి మానేసిన మనిషికి, తన పేరు పక్కన ఎవరైనా సున్నా చుట్టారంటే అది తప్పు లెక్కకే. ఇలా మెచ్చుకుని చుట్టడం ఇదే మొదటిసారి. "ఈ గది పనికి మాకు నిలకడైన మనిషి కావాలి. రెండో విడత అయ్యాక మాట్లాడదాం" అని కూడా అంది డాక్టరమ్మ. ఆ మాట పట్టుకుని పిచ్చుక ఇంటిదాకా గాల్లో తేలుతూ పోయింది.

అయితే ఒక సంగతి డాక్టరమ్మకి తెలీదు. పిచ్చుక ఆ మాత్రల్లో ఒక్కటీ మింగలేదు.

మింగుదామనే మొదటిరోజు నీళ్ళగ్లాసు తీసుకుంది. బుజ్జిదాన్ని చూసింది. గ్లాసు కింద పెట్టేసింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుకుని అంతా చూస్తోంది.

"వేసుకోవా ఏం?"

"పాలల్లోకి దిగుతుందేమోనత్తయ్యా."

"మరైతే నావల్ల కాదని చెప్పెయ్."

"చెబితే తీసేస్తారు."

"తీసేస్తే ఏం కొంప మునిగింది? రోజల్లా సైకిలు తొక్కి చాలక, గదిలో పెట్టి తలుపేసి తొక్కమన్నా తయారే. నీ ముచ్చట నాకర్థం కాదే అమ్మాయ్." అని, మాత్రల అట్ట వైపు చూస్తూ అడిగింది, "ఇంతకీ వాటినేం చేస్తావిప్పుడు?"

"ఖాళీ అట్టలు తిరిగి ఇవ్వాలత్తయ్యా. మాత్రలు సింకులో పడేస్తా."

"మందు సింకులో పడేస్తావా? కళ్ళు పోతాయే. ఇటు తే." అత్తగారు ఒక మాత్ర తీసి వెలుతురుకి పెట్టి చూసింది. తెల్లగా, కోలగా. "నావీ ఇలాగే ఉంటాయి. నావీ పొద్దునోటి, సాయంత్రమోటి. నెలనెలా ఆ క్లినిక్కులో చెక్కబల్ల మీద కూర్చుని కూర్చుని నా నడుం పడిపోతోంది. ఈ నెలకి ఆ బల్ల తప్పుతుంది."

అత్తాకోడళ్ళిద్దరికీ అందులో తప్పేం కనపడలేదు. షుగరు మందు షుగరు మనిషికే చేరుతోంది. మొదటి పది రోజులూ అత్తగారు నిక్షేపంలా ఉంది. మధ్యలో రెండు వారాలు తన మాత్రలు తను వేసుకుంది. రెండో పొట్లం రాగానే చెయ్యి చాపింది.

ఇవాళ రెండో విడత తొక్కుడు.

నాలుగు వేల మీటర్లకి చేరాక గంటసేపు ఊరికే కూర్చోవాలి, ఒళ్ళు ఆ గాలికి అలవాటుపడాలి. నర్సక్క ఎదురుగా బల్ల మీద కూర్చుంది. లోపలుండే నర్సు తెలివి తప్పకూడదు కాబట్టి ఆమెకి ప్రాణవాయువు గొట్టం ఉంటుంది. మాట్లాడాలంటే మాస్కు పక్కకి లాగి, నాలుగు మాటలు అనేసి, మళ్ళీ పెట్టుకుంటుంది. మాట్లాడకుండా మాత్రం ఉండలేదు.

"నిన్న ఒకాయనొచ్చాడు చెల్లీ. బ్యాంకు దగ్గర కాపలా ఉంటాడే, మీసాలాయన." మాస్కు. "పోయిన విడతకంటే రెండు నిమిషాలు ఎక్కువ తొక్కాడు. దిగి తొడ చరిచి, ఈ మాత్ర మహిమ అంటాడు." మాస్కు. "నవ్వాపుకోలేక చచ్చాననుకో. ఆయన తిన్నది మందో కాదో మాకే తెలీదు."

"అదేంటక్కా, మీకు తెలీకపోవడమేంటి?"

"తెలీదమ్మా. డాక్టరమ్మక్కూడా తెలీదు. ఒక విడత మందు, ఒక విడత ఉత్త పిండి. ఎవరికి ఏది ముందో కవర్లో పెట్టి అంటించేస్తారు. మీకు చెప్పారుగా మొదట్లోనే."

పిచ్చుక ముందుకి వంగింది. "పిండంటే?"

"పిండే. మందు ఉండదందులో. చూడ్డానికి మాత్రలా ఉంటుంది, అంతే." నర్సక్క లేచి నోటికి పెట్టే పెద్ద మాస్కు తీసింది. "గంటైంది, ఎక్కు. ఇది బిగించాక నువ్వు మాట్లాడలేవు. ఎంత కష్టంగా ఉందో ఆ గోడ మీది పట్టీలో అంకె చూపించు. ఆపాలంటే చెయ్యెత్తు."

పిచ్చుక ఏదో అనబోయింది. ఏమనాలో తేలేలోపే రబ్బరు మాస్కు ముక్కునీ నోటినీ కప్పేసింది. తల వెనక పట్టీలు లాగి బిగించింది నర్సక్క. స్పీకరు గరగరలాడింది. "మూడు, రెండు, ఒకటి. తొక్కమ్మా."

కాళ్ళు వాటంతటవే కదిలాయి. అలవాటు. మనసు మాత్రం ఇంటికి పరిగెత్తింది.

రెండో పొట్లం వచ్చిన నాలుగోరోజునుంచి అత్తగారు పెద్ద నీళ్ళసీసా మంచం పక్కన పెట్టుకోవడం మొదలెట్టింది. ఎండలు కదా అనుకుంది పిచ్చుక. ఊరికూరికే బాత్రూముకి వెళ్ళొస్తుంటే నీళ్ళు తాగితే వెళ్ళరా మరి అనుకుంది. పాత చెప్పు కరిచి కాలివేలు దగ్గర పుండైతే పసుపు రాసింది. అది తగ్గలేదు, ఎర్రగా ఉబ్బింది. మొన్న మధ్యాహ్నం బుజ్జిది అత్తగారి జుట్టు పట్టుకు లాగుతుంటే, ఆవిడ కళ్ళు తెరవలేదు. నిద్ర మొహమని నవ్వింది కూడా తను. నిన్న వాంతి చేసుకుంది. పొద్దున బయల్దేరుతుంటే, "వెళ్ళు, మేమిద్దరం పడుకుంటాం" అంది, మాట ముద్దగా వచ్చింది. మొదటి విడత పది రోజులూ ఇవేవీ లేవు.

అంటే మొదటిది మందు. ఇది పిండి.

పది రోజులు. షుగరు మనిషికి పది రోజులుగా పిండి పెడుతోంది తను. ఇంట్లో ఇంకెవరూ లేరు. భర్త లారీ మీద వెళ్ళి రెండు రోజులైంది, ఇంకో రెండు రోజులకిగానీ రాడు. బుజ్జిది ఒక్కతే, లేవలేని మనిషి పక్కన. తలుపు లోపల గడియ పెట్టుంటుంది. పెట్టుకోమని రోజూ నూరిపోసింది తనే. పిల్ల మెట్ల మీదికి పాకిపోతుందని భయం. గడియ పిల్లకి అందకూడదని తలుపు పైకొసన వేయించింది కూడా తనే.

"బావుంది, బావుంది. బరువు పెంచుతున్నా," అన్నాడు మీటర్లాయన.

పెడలు బరువెక్కింది. చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే ఆపేస్తారు, ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. పాలు మాన్పించలేదని చెప్పాలి, మాత్రలు మింగలేదని చెప్పాలి, సున్నా చుట్టిన ఇరవయ్యారు నిమిషాలు దొంగ లెక్కని చెప్పాలి. గుండ్రటి కిటికీ అద్దం అవతల డాక్టరమ్మ మొహం కనపడింది. బొటనవేలు పైకెత్తి చూపించింది. పిచ్చుక కాళ్ళు ఇంకా గట్టిగా తొక్కాయి, తొందరగా తొక్కితే ఇల్లు దగ్గరవుతుందన్నట్టు. సైకిలు కదలదు. గోడ అక్కడే ఉంది. పల్చటి గాలి ఎంత లాగినా ఊపిరితిత్తులకి ఆనడం లేదు.

"పోయినసారికంటే జోరుగా ఉందే," అని మెచ్చుకున్నాడు మీటర్లాయన.

పిచ్చుక చెయ్యెత్తలేదు. రెండు చేతులా మాస్కు పట్టుకుని లాగేసింది. పట్టీలు జుట్టుని పీక్కుంటూ ఊడొచ్చాయి.

"నేను మింగలేదు. మాత్రలు నేను మింగలేదండీ. మా అత్తయ్యకి పెట్టా. ఆవిడ షుగరు మనిషి. ఇంట్లో పాపుంది, గడియ పైనుంది, తలుపు తియ్యండి."

స్పీకరులోంచి డాక్టరమ్మ గొంతు వచ్చింది, చిన్నపిల్లని బుజ్జగిస్తున్నట్టు. "సరేనమ్మా, సరే. దిగి కూర్చో. సిస్టర్, ప్రాణవాయువు పెట్టండి. తల తిరుగుతున్నట్టుంది."

"తల తిరగడం లేదండీ."

"ఈ ఎత్తున అలాగే అంటారమ్మా. పోయిన నెల ఒకాయన తన సైకిలెవరో ఎత్తుకుపోతున్నారని ఏడ్చాడు, దాని మీదే కూర్చుని." కాగితం తిప్పిన చప్పుడు. "నేనడిగినవాటికి జవాబు చెప్పు. ఇవాళ ఏ వారం?"

"గురువారం. డాక్టరుగారూ, మా ఇంటికి ఫోను."

"వందలోంచి ఏడు తీసెయ్. వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు. అలా తీస్తూ పో."

పిచ్చుకకి తల కొట్టేసినట్టైంది. తీసివేతలు ఆమెకి నేలమీద కూర్చున్నా రావు. డిపోలో పెట్టెలు లెక్కపెట్టడానికి వేళ్ళు మడుస్తుంది. "తొంభై మూడు," అంది. వేళ్ళు మడిచింది. "ఎనభై... ఎనభై ఐదు. డెబ్భై తొమ్మిది. కాదు."

"చూశారా సిస్టర్," అంది డాక్టరమ్మ, మెల్లిగానే. "నిదానంగా కిందికి దింపుదాం. అరగంట పట్టనివ్వండి, గాభరా పెట్టద్దు."

నిజం చెప్పినప్పుడు పిచ్చిదంటున్నారు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ నిలకడైన మనిషన్నారు. పిచ్చుక లేచి తలుపు మీద రెండు చేతులూ పెట్టి తోసింది. చల్లటి ఇనుము. గోడని తోసినట్టే ఉంది. నర్సక్క వచ్చి భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది.

"కూర్చో చెల్లీ, నీకేం కాలేదు. ఊపిరి తీసుకో."

"నాకేం కాలేదని నేనూ అంటున్నానక్కా. అత్తయ్య నీళ్ళు తాగుతూనే ఉంది వారం రోజులనుంచీ. కాలి మీద పుండుంది. నిన్న వాంతి. బుజ్జిది లేచి ఏడుస్తుంటుంది, ఎత్తుకునే దిక్కు లేదు."

బుజ్జిది ఏడుస్తుంటుంది అన్న మాట నోటినుంచి వచ్చీ రాగానే రొమ్ముల్లో చురుక్కుమంది. ఆ చురుకు పాలిచ్చే తల్లులకే తెలుసు. పిల్ల ఎక్కడో ఏడ్చిందని మనసుకి తోస్తే చాలు, ఒళ్ళు పిల్లముందే ఉన్నట్టు కదులుతుంది. పిచ్చుక చేతులు అడ్డం పెట్టుకుంది. అప్పటికే వాళ్ళిచ్చిన బూడిదరంగు టీషర్టు మీద రెండు వైపులా తడి గుండ్రాలు పైకి తేలాయి.

నర్సక్క చూసింది. పిచ్చుక మొహం చూసింది. మాస్కు పూర్తిగా తీసేసి, స్పీకరు దగ్గరికి వెళ్ళింది.

"డాక్టరుగారూ, ఈ అమ్మాయికి మతి చెడలేదు. పాలొస్తున్నాయి. పాపకి ఇంకా పాలిస్తోంది. కాగితంలో అబద్ధం రాయించింది. ఇక్కడ చెప్పేది నిజమే అనుకుంటా."

ఆ తరవాత డాక్టరమ్మ అడిగిన తీరు మారింది. "మీ అత్తగారు తన మందు మానేసి ఇవే వేసుకుంటోందా? పది రోజులూనా?"

"పది రోజులూనండీ."

"ఆవిడ వయసెంత? పుండు ఏ రంగు? ఇవాళ పొద్దున లేచి నడిచిందా?"

అరవై రెండు. ఎరుపు, అంచున నలుపు. లేదు, మంచం మీదే ఉంది. ఒక్కొక్కటీ చెబుతుంటే, ఇవన్నీ తన కళ్ళముందే ఉన్నాయి కదా, ఒక్కదాన్నీ ఇంకోదానికి ముడిపెట్టి చూడలేదు కదా అని పిచ్చుకకి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. డాక్టరమ్మ బీరువా తెరిచి ఒక గోధుమరంగు కవరు తీసింది. మనిషి ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ కవరు చింపకూడదు. చింపితే ఆ మనిషి లెక్క మొత్తం పరీక్షలోంచి కొట్టేయాలి. డాక్టరమ్మ ఆలోచించలేదు. చింపి, లోపలి కాగితాన్ని అద్దానికి ఆనించి పెట్టింది. పిచ్చుక దాన్ని పెదవులు కదుపుతూ చదువుకుంది. మొదటి విడత: మందు. రెండో విడత: ఉత్తది.

"మీటర్లు దించండి," అంది డాక్టరమ్మ. "ఎంత తొందరగా అయితే అంత."

"ఎంత తొందరపడ్డా పద్దెనిమిది నిమిషాలండీ. అంతకన్నా వేగంగా దించితే చెవుల్లో పొరలు చిరుగుతాయి ఇద్దరికీ," అన్నాడు మీటర్లాయన.

"నా చెవులు పోతే పోనీండి," అంది పిచ్చుక.

"నావి నాక్కావాలి చెల్లీ," అంది నర్సక్క. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

మీటర్లాయన పిచ్చుక ఫోను తెచ్చి అత్తగారికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఫోను మంచం మీదే ఉంటుంది, దిండు పక్కనే. డాక్టరమ్మ ఇంకో ఫోనులో అంబులెన్సుకి చిరునామా చెబుతోంది. "టైలరు బాబాయి అని ఉంటుంది, ఆయనకి చెయ్యండి, మా కింద కొట్టు ఆయనది," అంది పిచ్చుక.

టైలరు రెండో మోతకే ఎత్తాడు. మీటర్లాయన ఆ ఫోనుని మైకు దగ్గర పెట్టాడు. గది నిండా మిషను చప్పుడు వినిపించింది.

"ఎవరూ? పిచ్చుకా? ఏంటమ్మా బావిలోంచి మాట్లాడుతున్నావ్?"

"బాబాయ్, పైకెళ్ళు. ఇప్పుడే. అత్తయ్యకి బాలేదు. తలుపు కొట్టు."

మిషను ఆగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, రొప్పడం. టైలరు లావాటి మనిషి, రోజూ ఆ మెట్లని తిట్టుకుంటాడు. తలుపు దబదబ బాదాడు. ఆ బాదుడుకి లోపల పిల్ల ఏడుపు లేచింది. సన్నగా, గొంతు బొంగురుపోయి. చాలాసేపటినుంచి ఏడ్చి ఆగి ఉన్న ఏడుపు అది. పిచ్చుకకి తెలుసు.

"పాప ఏడుస్తోందమ్మా. పెద్దావిడ పలకడం లేదు. తలుపు లోపల వేసుంది. నేను గుద్దితే నేనే విరుగుతానుగానీ ఇది విరగదు."

"పక్కన కిటికీ ఉంది చూడు. దోమతెర కత్తిరించు."

"కత్తెర చేతిలోనే ఉందమ్మా, హడావిడిలో పట్టుకొచ్చేశా." కరకరమని కోసిన చప్పుడు. "ఊచలున్నాయి. ఆ, కనపడుతోంది. ఆవిడ మంచం మీద ఉంది. ఊపిరి ఉంది, పొట్ట కదులుతోంది. పాప కింద, మంచంకోడు పట్టుకు నిలబడింది. ఏయ్ బుజ్జీ, తాతని చూడు."

పిచ్చుక స్పీకరు దగ్గరికి జరిగింది. "ఫోను లోపలికి పెట్టు బాబాయ్. అత్తయ్యా. అత్తయ్యా, నేను." పల్చటి గాలిలో గొంతు పీలగా వచ్చింది, తనదే కాదన్నట్టు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచేటప్పటికి ఎక్కడో లోతునుంచి ఒక మూలుగు.

"అరవకే. వినపడుతోంది."

"అత్తయ్యా, లేచి గడియ తియ్యండి."

"లేవలేనే. కాళ్ళు నావి కావు. నీళ్ళు..." ఆ తరవాత మాట రాలేదు.

"గడియ పైనెక్కడో ఉందమ్మా," అన్నాడు టైలరు. "నా చెయ్యి మోచేతిదాకానే పోతోంది ఊచల్లోంచి. ఎవడు పెట్టించాడు దాన్ని అంత ఎత్తున?"

"నేనే బాబాయ్." పిచ్చుక కళ్ళు మూసుకుంది. ఆ తలుపు లోపలివైపు కళ్ళకి కట్టింది. ప్రతి పొద్దునా తను మునివేళ్ళ మీద లేచి తీసే గడియ. "నీ దగ్గర బట్టలు తగిలించే తీగ హ్యాంగరు ఉంటుంది కదా. దాన్ని గజంబద్ద చివర కట్టు. గడియకి పిడి ఉంటుంది, కిందికి వాలి ఉంటుంది. ఊరికే లాగితే రాదు, తుప్పు. ముందు కొక్కెంతో పిడిని నీవైపు ఎత్తు, అప్పుడు కిటికీవైపుకి లాగు. తలుపుని కాలితో లోపలికి తన్నిపట్టు, లేకపోతే బిగుసుకుంటుంది."

టైలరు కిందికి వెళ్ళి రావాలి. ఆయన ఫోను కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళాడు. గదిలో బుజ్జిదాని ఏడుపు ఒక్కటే ఉంది ఇక. రెండు వేల ఎనిమిది వందలు, అన్నాడు మీటర్లాయన ఎవరూ అడక్కుండానే. చెవుల్లో దూది కుక్కినట్టుంది. పిచ్చుక గుటకలు మింగింది. నర్సక్క ముక్కు మూసుకుని ఊదమని సైగ చేసింది. ఊదింది. చెవి టప్పుమని తెరుచుకుని, ఏడుపు ఇంకా దగ్గరగా వచ్చింది.

"బుజ్జీ. అమ్మ వస్తోంది. తాతొస్తాడు, తలుపు తీస్తాడు. నాన్నమ్మ పక్కన కూర్చో." పిల్ల ఒక క్షణం ఆగింది. గొంతు ఎక్కడినుంచి వస్తోందో వెతుక్కుంటోంది కాబోలు. కనపడక రెట్టింపుగా ఏడ్చింది.

టైలరు వచ్చాడు. ఊచలకి బద్ద తగిలిన చప్పుడు, ఆయన తిట్లు. ఒకసారి జారింది. రెండోసారి జారింది. "నీవైపు ఎత్తు బాబాయ్, పైకి కాదు," అంది పిచ్చుక, చూస్తున్నట్టే. మూడోసారి ఇనుము మీద ఇనుము రాసుకుంటూ కీచుమంది. తలుపు గోడకి కొట్టుకుంది.

"తీశానమ్మా. పాపని ఎత్తుకున్నా. ఒళ్ళంతా తడిపేసింది, బావుంది, బావుంది. ఇదిగో అంబులెన్సువాళ్ళు కూడా మెట్లెక్కుతున్నారు."

టైలరు గొంతూ అంబులెన్సువాళ్ళ గొంతులూ కలిసిపోయాయి. ఎవరో వేలు పొడిచి చుక్క రక్తం తీశారు. షుగరు కొలిచే మిషనులో అంకె రాలేదట, హై అని మాత్రం చూపిస్తోందట. అంతకు మించి అది కొలవలేదు. డాక్టరమ్మ ఫోను తీసుకుని వాళ్ళతో గబగబా మాట్లాడింది. సెలైను, పుండు, పది రోజులుగా మందు లేదు, అవును, పూర్తిగా లేదు. ఎవరి తప్పో చెప్పలేదు. మధ్యలో అత్తగారి గొంతు వినిపించింది, తెగి తెగి, ఎవరినో కసురుకుంటూ. దుప్పటి కప్పకుండా మెట్లు దించుతారా అని.

"తిడుతోందంటే మంచిదే," అంది నర్సక్క.

డాక్టరమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. బొటనవేలు ఎత్తలేదు. "ఆవిడని ఇక్కడికే తెస్తున్నారు. పై అంతస్తుకి. టైమ్‌కే పట్టుకున్నట్టుంది, చూడాలి. ఇప్పుడే చెప్పలేను."

"నా లెక్క కొట్టేశారాండీ?"

"రెండు విడతలూ కొట్టేశాను." చింపిన కవరు మడిచింది. "నేను చెబుతున్నప్పుడు నువ్వు పాపనే చూస్తున్నావు ఆరోజు. నేను చూశాను. అయినా పేజీలు తిప్పేశాను." ఇంకేదో అనబోయి ఫోను మోగితే వెళ్ళిపోయింది.

పిచ్చుక స్పీకరు కిందికి జరిగి కూర్చుంది. టైలరు బుజ్జిదాన్ని భుజాన వేసుకుని కిందికి దిగుతున్నట్టున్నాడు, ఏదో రాగం తీస్తున్నాడు, పిల్లకి నచ్చడం లేదు. టీషర్టు ముందంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు అడ్డం పెట్టుకోలేదు ఇక. భర్తకి చెప్పాలి. లారీ ఏ కొండ మలుపులో ఉందో. అతను ముందు తల్లి గురించి అడుగుతాడు, తరవాత ఎలా అయిందని అడుగుతాడు. రెండోదానికే నోరు పెగలాలి.

"పద్నాలుగు వందలు," అన్నాడు మీటర్లాయన. ఏడుపు ఇంకా పెద్దదైంది. "పాప బాగా ఏడుస్తోందమ్మా. స్పీకరు కట్టెయ్యనా? వింటుంటే నీకు కష్టంగా ఉంటుంది."

"వద్దండీ," అంది పిచ్చుక. "ఏడవనివ్వండి. వినపడుతోంది కదా."